పొర పొరకూ ఒక మిజాజ్

మా ఆఫీసు మాదాపూర్‌లో ఎనిమిదో అంతస్తు మీద. అద్దంలోంచి చూస్తే దుర్గం చెరువు, దాని మీద కేబుల్ బ్రిడ్జి, చుట్టూ ఇంకా పేల్చకుండా మిగిలిన నాలుగు గుట్టలు. ఆ గుట్టలన్నీ గ్రానైట్. వాటి ఉమర్ సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మేం పొద్దున్నుంచి మగ్రిబ్ దాకా కంప్యూటర్ల ముందు కూర్చుని చదివేది మాత్రం ఇసుకరాయి గురించి. హైటెక్ సిటీ మొత్తం తవ్వినా గుప్పెడు ఇసుకరాయి దొరకదు. ఎక్కడో సముద్రాల కింద నుంచి తీసిన రాయి తాలూకు నంబర్లు రాత్రికి రాత్రి మా సర్వర్లకి చేరతాయి. రాయి రాదు, నంబర్లే వస్తాయి.

ఈ నౌకరీ ఏంటో మా మొహల్లాలో ఎవరికీ సమజ్ కాదు. ఒక జుమ్మా రోజు మస్జిద్ మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చాచా అడిగారు, "నువ్వు సాఫ్ట్‌వేరా, పెట్రోలా?" అని. రెండూ చాచా అన్నాను. "ఫిర్ దుబాయ్ కైకూ నై గయే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబ్ లేదు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇంకో షక్. 2024 ఎండాకాలంలో బోరు ఎండిపోయి ట్యాంకర్ల కోసం క్యూలు కట్టినప్పుడు, "మీరు రాళ్ళు చదివినోళ్ళు కదా, ఎక్కడ వేయాలో చెప్పండి" అని నన్ను సెల్లార్‌లోకి తీసుకుపోయారు. గ్రానైట్‌లో నీళ్ళు రాయిలో ఉండవు, రాయి పగుళ్ళలో ఉంటాయి, పగులు తగలడం తక్దీర్ మీద ఉంటుంది అని చెప్పాను. అసోసియేషన్ సెక్రెటరీ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఈ నౌకరీలో నేను చేసిన ఒక గల్తీ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఏడేళ్ళయింది. ఆ గల్తీ సమజ్ కావాలంటే ముందు రాయి సమజ్ కావాలి. కాబట్టి జర సబర్ చేయండి.

చాలామంది భూమి కింద నూనె చెరువులా నిండి ఉంటుందని అనుకుంటారు. చెరువూ లేదు, గుహా లేదు. ఇసుకరేణువుకీ ఇసుకరేణువుకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, కంటికి కనపడనంత ఖాళీ, అందులో ఉంటుంది నూనె అయినా గ్యాస్ అయినా. రాయిలో ఎంత ఖాళీ ఉంది అన్నది ఒక సవాల్. ఆ ఖాళీల మధ్య దారి ఉందా అన్నది ఇంకో సవాల్. ఖాళీ బాగా ఉండి దారి లేకపోతే ఆ రాయి బఖీల్ లాంటిది, తిజోరీ నిండా ఉంటుంది గానీ ఒక్క పైసా బయటికి రాదు. ఆ దారినే పుస్తకాల్లో పారగమ్యత అని రాస్తారు. మా ఆఫీసులో అందరం పెర్మ్ అంటాం.

దాన్ని కొలిచే కొలతకి ఫ్రాన్స్‌లోని దిజోన్ షహర్ ఇంజనీరు హెన్రీ డార్సీ పేరు పెట్టారు. ఆయన నూనె మనిషి కాదు, నీళ్ళ మనిషి. తన ఊరికి మంచినీళ్ళు తెచ్చిన పని గురించి 1856లో ఒక పెద్ద కితాబ్ అచ్చేశాడు. అందులో ఇసుక గొట్టాల గుండా నీళ్ళు పంపి, ఎంత ఒత్తిడికి ఎంత నీరు దిగుతుందో లెక్క కట్టాడు. ఒక ఘన సెంటీమీటరు రాయి ముక్క తీసుకోండి. ఈ వైపుకీ ఆ వైపుకీ ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి తేడా పెట్టండి. నీళ్ళంత పలచటి ద్రవం సెకనుకి ఒక ఘన సెంటీమీటరు బయటికొస్తే ఆ రాయి పెర్మ్ ఒక డార్సీ. అందులో వెయ్యో వంతు మిల్లీడార్సీ. మా జిందగీ అంతా ఈ మిల్లీడార్సీలతోనే.

(నీళ్ళ మనుషుల జిక్ర్ వచ్చింది కాబట్టి ఒక మాట. డార్సీకి ఎనిమిది వందల ఏళ్ళ ముందే అల్ కరాజీ అనే ఇరానీ లెక్కల ఆలిమ్ భూమి కింద దాగిన నీళ్ళు తీసే ఇల్మ్ మీద అరబీలో కితాబ్ రాశాడు. మన పక్కన బీదర్‌లో ఆ విద్యతో తవ్విన కరేజ్ ఇప్పటికీ ఉంది. మీద గుల్ల గుల్లగా ఉండే ఎర్ర జంబిట్టరాయి, కింద గట్టి నల్లరాయి. పై రాయి తాగిన నీళ్ళను కింది రాయి ఆపుతుంది, సొరంగం వాటిని ఊళ్ళోకి నడిపిస్తుంది. మేం చదువుకున్న క్లాసుల్లో డార్సీ ఉన్నాడు, కరాజీ లేడు. ఎందుకు లేడో ఇంకోసారి మాట్లాడుకుందాం.)

రేణువు సైజు సగానికి తగ్గితే పెర్మ్ నాలుగో వంతుకి పడిపోతుంది. ఖాళీ అంతే ఉంటుంది, తమాషా ఏంటంటే. ఒకే సైజు బఠానీలు నింపిన డబ్బాలోనూ, అలాగే సర్దిన ఒకే సైజు ఆవాలు నింపిన డబ్బాలోనూ ఖాళీ భాగం ఒకటే. కానీ ఆవాల మధ్య దారులు సన్నం. ఇక చిన్నవీ పెద్దవీ కలిసిపోతే ఖాళీ కూడా తగ్గుతుంది, పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి దూరి కూర్చుంటాయి. ఇసుకను తెచ్చి పోసింది నదా, సముద్రపు అలా, గాలా అన్నదాని మీద ఇదంతా ఉంటుంది. నది వరదలో ఉన్నప్పుడు ముతక ఇసుక పోస్తుంది, వరద తగ్గాక సన్నది పోస్తుంది, నిలిచిన నీళ్ళలో బంకమట్టి పలచటి పొరలా పరుస్తుంది. మళ్ళీ వరద. లక్షల ఏళ్ళ తర్వాత అదే రాయి అవుతుంది. బయటికి ఒకటే రాయిలా కనిపిస్తుంది గానీ లోపల ప్రతి వరదా తన హిసాబ్ రాసి పెట్టుకునే ఉంటుంది. ఒక్క అడుగు మందం రాయిలో పెర్మ్ పది రెట్లు, వంద రెట్లు మారడం మామూలే.

ఈ సంగతి నాకు యూనివర్సిటీ నేర్పలేదు, మా అబ్బా నేర్పారు.

అబ్బా గోదావరిఖనిలో బొగ్గు బాయి పంపు ఆపరేటర్. బాయిలో నీళ్ళు తోడే పని. పంపు ఆగితే కింద పనిచేసేటోళ్ళ మోకాళ్ళ దాకా నీళ్ళొస్తాయి. అందుకని ఈద్ రోజు కూడా షిఫ్టుకి పోయేవారు, నమాజ్ చదువుకుని షీర్ ఖుర్మా రెండు గుక్కలు తాగి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బాయిలోంచి అరచేయంత ఇసుకరాయి తెచ్చారు. తెల్లటి రాయి, మధ్యలో పెన్సిల్ గీతల్లా బూడిద రంగు చారలు. టేబుల్ మీద పెట్టి, తాగుతున్న చాయ్‌లోంచి ఒక చుక్క దాని అంచు మీద వేశారు. చుక్క గుండ్రంగా పరుచుకోలేదు. చారల వెంట అడ్డంగా పాకింది. కింది చార దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"హర్ పరత్ కా మిజాజ్ అలగ్ హోతా బేటా" అన్నారు. పొర పొరకూ మిజాజ్ వేరే ఉంటుంది అని. బాయిలో రూఫ్ నుంచి నీళ్ళు కారేది ఎక్కడ పడితే అక్కడ కాదట. బంకరాయి పట్టీ ఉన్నచోట చుక్క పడదు. ఆ పట్టీ ఎక్కడ తెగిందో అక్కడ ధార కడుతుంది. పంపు ఎక్కడ పెట్టాలో ఆయన ఆ పట్టీని చూసి చెప్పేవారు. ఆఫీసర్లు నక్షా చూసి చెప్పేవారు. ఎవరి మాట నిజమయ్యేదో అబ్బా ఎప్పుడూ చెప్పలేదు, నవ్వేవారు అంతే.

అబ్బా చాయ్ చుక్క చెప్పిందే లెక్కల్లో ఇలా ఉంటుంది. ఒక్కో మీటరు మందం ఉన్న పది పొరలు అనుకోండి. తొమ్మిది పొరల పెర్మ్ 200 మిల్లీడార్సీలు. ఒక్క పొర బంకరాయి, దానిది 0.01. పొరల వెంట అడ్డంగా పారితే మొత్తం రాయి పెర్మ్ 180. ఆ ఒక్క పొర ఉన్నా లేకున్నా పెద్ద ఫరక్ పడదు. అదే నూనె కింది నుంచి పైకి పొరల్ని దాటి రావాలంటే? 0.1 మిల్లీడార్సీ. తొమ్మిది మంది దిల్‌దార్లు ఉన్నా దర్వాజా దగ్గర కూర్చున్న పదో వాడు తాళం వేశాడు. రాయి అదే, పొరలూ అవే. ఎటు నుంచి అడిగావు అన్నదాన్ని బట్టి జవాబ్ 180 కావచ్చు, 0.1 కావచ్చు. కాబట్టి ఎవరైనా మీకు ఒక రాయి చూపించి దీని పెర్మ్ ఇంత అని ఒకే నంబర్ చెబితే, ఏ దిశలో అని అడగండి. సగటు ఏ పద్ధతిలో తీశారు అని కూడా అడగండి.

ఆ అమ్మాయి మా టీములో చేరిన మొదటి వారంలోనే ఇదే అడిగింది.

కోనసీమ పిల్ల. పసర్లపూడి అంటే మీలో పెద్దవాళ్ళకి గుర్తుండాలి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి అంటుకుంది, 65 రోజులు మండింది. ఆ వెలుగులో తాను రాత్రిపూట బియ్యం ఏరుకున్నానని వాళ్ళమ్మ చెప్పేదట. అందుకే జియాలజీ చదివానంది. మా ఊరి కింద ఏముందో చూద్దామని సర్, అంది.

ఏముందో మేం లంచ్‌లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఒకే కృష్ణా గోదావరి బేసిన్‌లో రాళ్ళ మిజాజ్‌లు చూడండి. కోనసీమ తీరం పక్కన సముద్రంలో రవ్వ ఫీల్డ్ ఉంది. ఉమర్‌లో చిన్న రాయి, మయోసీన్ కాలపు ఇసుక. పెర్మ్ వందల నుంచి వేల మిల్లీడార్సీల్లో ఉంటుంది. 1993 నుంచి నూనె ఇస్తూనే ఉంది. అక్కడికి ఎంతో దూరం లేని మండపేట కింద ఇంకో ఇసుకరాయి, పర్మియన్, ట్రయాసిక్ కాలాలది, రెండున్నర కిలోమీటర్లకి పైగా లోతు. దానికి ఎక్కువచోట్ల ఒక మిల్లీడార్సీకి అటూ ఇటూ. గ్యాస్ ఉంది, రాదు. ఒత్తిడితో నీళ్ళు కొట్టి రాయిని పగలగొట్టి, ఆ పగుళ్ళు మూసుకోకుండా లోపల గుళికలు నింపితే అప్పుడు వస్తుంది.

ఆ మండపేట రాయి, మా అబ్బా తెచ్చిన గోదావరిఖని రాయి ఒకే ఖాందాన్. గోండ్వానా రాళ్ళు. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా గోదావరి లోయ వెంట పైకి కనిపిస్తూ వచ్చి, ఆ తర్వాత డెల్టా మట్టి కింద మునిగిపోతాయి. ఇక్కడ మనం తవ్వుకునే బొగ్గు లాంటి బొగ్గే అక్కడ లోతున ఉడికి గ్యాస్ అయింది. ఇక్కడ పైన ఉన్న అన్నదమ్ముడికి బోరు వేస్తే నీళ్ళు పడతాయి. అక్కడ కింద ఉన్న వాడు ఊపిరాడని బరువు కింద నలిగాడు. వేడికి రేణువుల మీద క్వార్ట్‌జ్ పేరుకుని దారులు మూసేసింది, ఫెల్డ్‌స్పార్ కరిగి బంకగా మారింది. అన్నదమ్ముల్లో ఒకడు ఎందుకు ఇచ్చేవాడయ్యాడు, ఇంకొకడు ఎందుకు బిగదీసుకున్నాడు అంటే వాళ్ళ మీద పడ్డ బరువు చూడాలి. ఇది ఆ పిల్ల అన్న మాట, నాది కాదు.

రాయి లోపల ఏముందో తెలియకముందే ఎంతుందో చెబితే ఏమవుతుందో కూడా ఆ బేసిన్‌లోనే చూశాం. 2005లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ కేజీ సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ఎలాన్ చేసింది. దీన్ దయాళ్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. రాయి చాలా లోతున, చాలా వేడిలో, బిగుసుకుపోయి ఉంది. చెప్పినదాంట్లో కొద్ది భాగం కూడా పైకి రాలేదు, అప్పులు మిగిలాయి. 2017లో ఓఎన్‌జీసీ అందులో 80 శాతం వాటాని సుమారు 99.5 కోట్ల డాలర్లకి కొన్నది. దాని మీద సియాసత్ చాలా నడిచింది, అది నా సబ్జెక్టు కాదు. నాకు కనపడేది ఒక్కటే, రాయిని అడగకుండా రాయి తరఫున మాటిచ్చారు.

ఇలా అన్న నేనే అదే పని చేశాను.

ఒక విదేశీ క్లయింటు. బిగుసుకున్న ఇసుకరాయి, గ్యాస్ ఫీల్డ్. బావిలోంచి తీసిన రాతి కడ్డీ నుంచి అడుగుకొకటి చొప్పున చిన్న ముక్కలు కోసి ల్యాబ్‌లో పెర్మ్ కొలుస్తారు. ప్లగ్గులంటాం. ఒకటి, ఒకటిన్నర అంగుళాల మందం ఉంటాయి. ఆ నంబర్లతో మేం మొత్తం ఫీల్డ్‌కి మోడల్ కట్టాలి. నంబర్లు బాగున్నాయి. ఇంత లోతు రాయికి ఉండాల్సిన దానికన్నా బాగున్నాయి. నాకు ఖుషీ అయింది. ఆ అమ్మాయికి షక్ వచ్చింది.

"సర్, ఈ రాయిలో ఇల్లైట్ ఉందని ఇంకో రిపోర్టులో ఉంది. ప్లగ్గుల్ని ఎలా ఆరబెట్టారో ఇందులో రాయలేదు" అంది.

ఇల్లైట్ అంటే ఒక రకం బంక ఖనిజం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే షీర్ ఖుర్మాలో సేమియాలా ఉంటుంది, సన్నటి పోగులు, రేణువుల మధ్య ఖాళీలో అటూ ఇటూ అల్లుకుని. ఖాళీని పెద్దగా తగ్గించదు, దారిని మాత్రం అడ్డుకుంటుంది. నేల కింద అది నీళ్ళలో తేలుతూ విచ్చుకుని ఉంటుంది. ల్యాబ్‌లో రాయిని మామూలుగా ఆరబెడితే ఆ నీరు ఆవిరవుతూ పోగుల్ని లాగి గోడకి అతికించేస్తుంది. ఇప్పుడు కొలిస్తే దారి ఖుల్లా. పెర్మ్ ఉన్నదానికన్నా చాలా రెట్లు ఎక్కువ చూపిస్తుంది. ఉత్తర సముద్రపు రాళ్ళ మీద 1980ల్లోనే ఈ సంగతి తేల్చారు. అందుకే బంక ఉన్న రాళ్ళని తేమ అదుపులో ఉంచిన ఓవెన్‌లో, తక్కువ వేడిలో ఆరబెట్టాలంటారు. అంతకన్నా జాగ్రత్త పద్ధతులూ ఉన్నాయి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, "డెడ్‌లైన్ గురువారం. ఓవెన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. ఆ రోజు రాత్రి ఆ పిల్ల నాకు మెయిల్ పెట్టింది. మూడు పేరాలు. ల్యాబ్‌ని అడగాలని, అడిగేదాకా పెర్మ్‌ని తగ్గించి ఇంకో కేసు కూడా కట్టాలని. నేను జవాబ్ ఇవ్వలేదు. ల్యాబ్ ఇచ్చిన నంబర్లకి మామూలు సగటు తీసి మోడల్‌లో పెట్టమన్నాను. ఫైలు మీద తయారు చేసినవారు అనే చోట ఆ అమ్మాయి పేరు ఉంది. సరిచూసినవారు అనే చోట నాది.

బావి తవ్వారు. మేం చెప్పినదాంట్లో ఐదో వంతు కూడా రాలేదు.

ఆ కాల్ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. తొమ్మిది మంది ఉన్నారు, మూడు దేశాల నుంచి. ఈ మోడల్ ఎవరు కట్టారు అని అడిగారు. మా పెద్ద బాస్, "ఒక జూనియర్, అనుభవం తక్కువ, చర్య తీసుకుంటున్నాం" అన్నాడు. నేను మ్యూట్‌లో ఉన్నాను. ఆ మెయిల్ అప్పుడు నా స్క్రీన్ మీద తెరిచే ఉంది. బటన్ నొక్కడానికి ఒక వేలు చాలు. ఫ్లాట్ ఈఎంఐ గుర్తొచ్చింది, పెద్దమ్మాయి స్కూలు ఫీజు గుర్తొచ్చింది. కాల్ అయిపోయింది. ఆ ఏడాది బెల్ కర్వ్‌లో ఆ అమ్మాయిని అట్టడుగున వేశారు. రెండు నెలలకి వెళ్ళిపోయింది. ఆఖరి రోజు ఐడీ కార్డు ఇచ్చేసి, నా డెస్క్ దగ్గరికొచ్చి, "వెళ్ళొస్తాను సర్" అంది. అంతే.

నేను తౌబా చేశాను. ఎన్నో రాత్రులు తహజ్జుద్‌లో ఏడ్చాను. ఏడ్చి పొద్దున్నే అదే ఆఫీసుకి పోయాను. ఈలోగా ఒక ప్రమోషన్ కూడా వచ్చింది.

మొన్న బక్రీద్‌కి గోదావరిఖని పోయినప్పుడు అబ్బాకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆ రాయి ఇంకా షెల్ఫ్ మీద, ఖురాన్ షరీఫ్ కింది అరలో ఉంది, దాన్ని చూసి నోట్లోంచి వచ్చేసింది. అబ్బాకి ఇప్పుడు ఒక చెవి వినపడదు, బాయిలో పంపుల మోత. అందుకని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్క గదిలో అమ్మీ కూడా వింది.

"మాఫీ అడిగావా?" అన్నారు.

"అల్లాహ్‌ని అడిగాను అబ్బా."

"ఆ పిల్లని?"

నేను మాట్లాడలేదు. అబ్బా చదువుకున్న మనిషి కాదు, కానీ హుఖూఖుల్ ఇబాద్ అంటే ఏంటో ఆయనకి తెలుసు. మనుషుల హక్ తిన్నది మనుషుల దగ్గరే తేల్చుకోవాలి, అది అల్లాహ్ దగ్గర వేసే అర్జీ కాదు. "పంపు నా గల్తీతో ఆగితే నా పేరే రాయించేవాణ్ణి. హెల్పర్ పేరు ఎన్నడూ రాయించలే" అన్నారు. ఆ రోజు నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఖుర్బానీ గోష్ట్ పంచడానికి నన్ను పిలవకుండా తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళారు.

తిరిగొచ్చాక ఆ అమ్మాయిని నెట్‌లో వెతికాను. స్కాట్లండ్‌లో ఉంది, అదే పని చేస్తోంది. జరిగింది జరిగినట్టు రాశాను. కాల్‌లో నేను మ్యూట్‌లో ఉన్న సంగతి, మెయిల్ తెరిచి ఉన్న సంగతి, అంతా. మా అప్పటి టీములో ఉన్న అందరికీ, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్న ఆ బాస్‌కి కూడా ఆ మెయిల్ ఫార్వర్డ్ చేస్తానని, తనకి అభ్యంతరం లేకపోతేనే అని రాశాను. నాలుగు రోజులు జవాబ్ రాలేదు. ఐదో రోజు వచ్చింది.

"ఆ మెయిల్ నా దగ్గర కూడా ఉంది సర్. ఇక్కడ ఇంటర్వ్యూలో అదే చెప్పాను, ఉద్యోగం ఇచ్చారు. అందరికీ పంపండి, అభ్యంతరం లేదు. ఇంతకీ ఆ ల్యాబ్‌ని అడిగారా?"

మాఫ్ చేశానని లేదు. చేయలేదనీ లేదు. మెయిల్ పంపాను. ముగ్గురు చూశామని జవాబ్ ఇచ్చారు, బాస్ ఇవ్వలేదు.

ల్యాబ్‌ని ఏడేళ్ళలో ఎవరూ అడగలేదు. నేను అడిగాను. పోయిన గురువారం జవాబ్ వచ్చింది. ఆ బ్యాచ్ ప్లగ్గుల్ని మామూలు ఓవెన్‌లో, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టారట. ఆ లైను ఆమెకి పంపాను.